రెండంగుళాలు

నాలుగంగుళాలు లేపమని అడగడానికే వెళ్ళాను.
వాగు దాటుతుంటే కడుపు రాయికి తగిలి
నా పికప్ పెట్టిన కేక ఇంకా చెవుల్లో ఉంది.
పైగా పక్కవీధి రమీరో బండి,
పనీ పాటా లేకపోయినా
ఆరంగుళాలు లేచి, లావు టైర్లేసుకుని
మీసం మెలేసినట్టు నిలబడి ఉంటుంది.

కిటికీలకి గాజు పలకలు బిగించేవాణ్ణి నేను.
పటగోనియాలో గాలి ఉన్నంతకాలం నాకు పనికి కొదవ లేదు.
గాలి పగలగొడుతుంది, నేను బిగిస్తాను,
మళ్ళీ గాలి.
మధ్యలో మూడువందల కిలోమీటర్ల కంకర,
తిరగలికి గాటు పెట్టినట్టు
అడ్డంగా గీతలు గీతలుగా రోడ్డు.
అది పళ్ళతో మొదలుపెట్టి
వెన్నుపూసలన్నీ లెక్కపెట్టుకుంటూ దిగుతుంది.
వెనక చట్రంలో గాజు
చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూనే ఉంటుంది, ఊరొచ్చేదాకా.

మైలెన్ అంతిలెఫ్ షెడ్డు ఉన్ని గోదాము వెనక.
చేతిలో మాతె బుర్ర.
నా మాట పూర్తిగా వినకుండానే
బంపరు మీద అరచెయ్యి ఆనించి
ఒక్క అదుము అదిమి వదిలింది.
బండి వంగింది, లేచింది, వంగింది, లేచింది,
ఇంకో రెండుసార్లు.
"ఒకసారి వంగి లేస్తే మర్యాద," అంది,
"ఇది గుంజీలు తీస్తోందేం?"
కిందకి దూరి షాకు ఒంటిని వేలితో తుడిచి
నల్లటి నూనె నా ముక్కు కింద పెట్టింది.
ఎన్నేళ్ళుగా ఏడుస్తోందో,
నేను దుమ్మనుకున్నాను.

తర్వాత ప్రశ్నలు, డాక్టరు అడిగినట్టు.
ఎంత బరువు? రానూ పోనూనా, పోయేటప్పుడేనా?
గాజు నిలువుగానా, పడుకోబెట్టా?
పడమటి గాలి నీకు ఏ పక్క తగుల్తుంది?
పోయినేడు దారిలో పగిలినవెన్ని?
నేను వేళ్ళు లెక్కపెట్టి, మానేసి,
ముప్పై ఒకటి అన్నాను.
వాగులో కడుపు తగిలింది ఎన్నిసార్లు?
ఒకసారి.
ఆమె మాతె పీల్చిన చప్పుడు తప్ప షెడ్డులో ఇంకేమీ లేదు.

నాలుగు లేపితే, అని సుద్దతో నేల మీద గీసింది,
ముందు ఇరుసు కీళ్ళు ఇంత వంకర తిరుగుతాయి,
రబ్బరు తొడుగులు చిరిగి గ్రీజు కక్కుతాయి.
అంత ఎత్తున గాజు నిలబెడితే
నీది బండి కాదు, తెరచాప.
రెండు చాలు. ముందు కొత్త స్ప్రింగులు,
వెనక కట్టకి ఇంకో పట్టీ.
మిగిలిన డబ్బు షాకుల్లో పెట్టు.

రెండు రకాలు బల్ల మీద పెట్టింది.
ఒకటి ఎర్రటిది, చంకలో చిన్న డబ్బాతో
పెళ్ళికొడుకులా మెరుస్తోంది. నా కన్ను దానిమీదే.
"అది ఇసుక దిబ్బల మీంచి ఎగిరి దూకేవాళ్ళకి."
రెండోది బూడిదరంగు, లావుపాటి మొద్దు.
"ఇది కంకర మీద మూడు గంటలు కాలినా నురగెత్తదు.
విప్పి, బాగుచేసి, మళ్ళీ వెయ్యొచ్చు."
ధర విని కూర్చున్నాను.
"ముప్పై ఒక్క పలకలు ఎంత?" అంది.
లేచి నిలబడ్డాను.

"ఒక్కటి ముందే చెబుతున్నా," అంది నోట్లు లెక్కపెడుతూ,
"బరువుకని బిగించిన పట్టీ ఖాళీ బండిని తంతుంది.
పోయేటప్పుడు గాజుకి సుఖం, వచ్చేటప్పుడు నీకు కష్టం.
రెండూ కావాలంటే రెండు బండ్లు కొనుక్కో."
సాయంత్రం గోడ ముందు నిలిపి
హెడ్‌లైట్ల చూపు కాస్త కిందకి దించింది,
ఎదురొచ్చేవాడి కళ్ళలో పొడవకుండా.
అది నేను అడగలేదు.

మొదటి ప్రయాణం కొండల కింద హాస్టలు బడికి,
నలభై రెండు కిటికీలు.
నూరో కిలోమీటరు దగ్గర బండాపి వెనక్కి వెళ్ళి చూశాను,
చప్పుడు లేకపోతే గాజే లేదేమో అనిపించి.
ఉంది.
ఒక్కో పలకలో ఒక్కో మబ్బు, కదలకుండా.
పగిలింది ఒకటే,
అదీ బడి వరండాలో, నా మోచెయ్యి తగిలి.

తిరుగు దారిలో తన్నింది.
ముందే చెప్పింది కాబట్టి తిట్టడానికి కూడా లేదు.
ఇప్పుడు ఆ దారిన వెళ్ళినప్పుడల్లా
బడి పిల్లలు ఏటి గుండ్రాళ్ళు నాలుగు గోతాలకెత్తి
బండిలో పడేస్తారు, బిస్కెట్లకి ఆశపడి.
మా ఇంటి వెనక గుట్ట పెరుగుతోంది.
ఇల్లు కడుతున్నావా అని అడిగాడు రమీరో.